అంతరాయం అత్త నటించిన సినిమా

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు భర్త, రెండోవారు పోస్ట్‌మ్యాన్. తక్కిన అందరికీ ఆమె అంతరాయం అత్త. కూరగాయల దుకాణంవాడి దగ్గర్నుంచి మూడో అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన జంట దాకా అదే పిలుపు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, పోనుపోను ఎదురుగానే అనసాగారు. విసుక్కుని విసుక్కుని చివరికి ఆమె పలకడం అలవాటు చేసుకుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె టీవీ కేంద్రంలో ఇరవయ్యారేళ్ళు అనౌన్సరుగా పనిచేసింది. ఒక కార్యక్రమం అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోపు తెర మీదికి వచ్చి, తర్వాత రాబోయేదేమిటో చెప్పి వెళ్ళిపోవాలి. అరనిమిషం పని. అయితే ఆ రోజుల్లో టేపులు తెగేవి. బొమ్మ ఉంటే మాట వినిపించేది కాదు, మాట వినిపిస్తే బొమ్మ వంకర్లు పోయేది. అలా జరిగినప్పుడల్లా ఆమె హడావిడిగా కూర్చుని, జుట్టు సర్దుకుని, "ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నాం" అని చెప్పేది. కొన్ని సాయంత్రాలు కార్యక్రమాలకంటే ఆమే ఎక్కువసేపు కనిపించేది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే కేంద్రం పెద్దాయన ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. "చూడమ్మా, నువ్వు తలుపు లాంటిదానివి. జనం నిన్ను దాటుకుని లోపలికి వెళ్ళాలి. తలుపు నవ్వుతుందా? విసుక్కుంటుందా? నీ ముఖంలో ఏమీ కనబడకూడదు."

ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఒకే ఒక్కసారి, ఏదో ధారావాహిక గురించి చెబుతుండగా ఆమె ఎడమ కనుబొమ కాస్త పైకి లేచిందని ఒక ప్రేక్షకుడు ఉత్తరం రాశాడు. సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. "ఇకమీదట రెండు కనుబొమలనూ ఒకే ఎత్తులో ఉంచుకుంటానని మనవి" అని ఆమె రాసిచ్చింది. అందులో వెటకారం ఉందని ఎవరికీ తట్టలేదు. రాసేటప్పుడు ఆమెకూ తట్టలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా తట్టింది. ఒక చెప్పు కిటికీలోంచి పక్కింటి పెరట్లో పడింది.

స్టూడియోలో బిగపట్టుకున్నదంతా ఇంట్లోనే బయటపడేది మరి. గిన్నె మీద మూత సరిగ్గా కూర్చోకపోయినా, కుళాయి చుక్క చుక్కగా కారినా ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. భర్త నీటి మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. భార్య గొంతు లేస్తే చొక్కా జేబులోని స్క్రూడ్రైవరు తడుముకుంటూ, బిగించాల్సిందేమైనా ఉందేమోనని చుట్టూ చూసేవాడు.

ఆమె రిటైరై తొమ్మిదేళ్ళయ్యాక ఒక శనివారం పొద్దున్నే మేనకోడలు ఊడిపడింది. అన్నగారి కూతురు. పెళ్ళిళ్ళ వీడియోలకు కత్తిరింపులు చేసే పనిలో ఉంది. చేతిలో పద్దెనిమిది కాగితాలున్నాయి.

"అత్తా, నేనొక చిన్న సినిమా తీస్తున్నాను. పదిహేడు నిమిషాలు. పాతకాలం టీవీ కార్యక్రమాల మీద. అందులో అనౌన్సరు నువ్వే."

"వెక్కిరింపా?"

"ఛ, వెక్కిరింపు కాదు. సరదాగా. కొంచెం కలలాగా ఉంటుంది."

అత్త కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మేనకోడలు ఊపిరి బిగబట్టి కూర్చుంది. మావయ్య కాఫీ తెచ్చిపెట్టి, గాలివాన కనిపెట్టిన మనిషిలా వంటింట్లోకి తప్పుకున్నాడు.

కాగితాల్లో రాసిందిలా ఉంది. రైతుల కార్యక్రమంలో నిపుణుడు బీరువాలో ఉంటాడు, బయటికి రాడు, లోపల్నుంచే సలహాలిస్తాడు. ధారావాహికలో కాలింగ్ బెల్ మోగుతుంది, ఒకావిడ తలుపు తీయడానికి లేస్తుంది, అంతటితో ఆ వారం భాగం అయిపోతుంది. పదమూడు వారాలూ అంతే. వాతావరణం చదివేవాడు, "నిన్న భారీగా వాన పడుతుంది, కాబట్టి నిన్న గొడుగు మరిచిపోకండి" అంటాడు. ఇవన్నీ ఒక్కొక్కటిగా పరిచయం చేసేది అనౌన్సరు. మధ్యలో తప్పిపోయినవారి ప్రకటన కూడా చదువుతుంది. తప్పిపోయింది మనిషి కాదు, మంగళవారం. చివరిసారిగా సోమవారం పక్కన కనిపించిందట.

అత్త కాగితాలు బల్ల మీద పడేసింది.

"ఇదేంటే?"

"నవ్వు రాలేదా?"

"నవ్వు సంగతి తర్వాత. తప్పిపోయినవాళ్ళ ప్రకటన ఇలాగేనా రాసేది? ఎత్తేది? ఛాయేది? చివరిసారి ఏ బట్టలు వేసుకుంది?"

"అత్తా, అది మంగళవారం."

"మంగళవారమైనా మహారాజైనా ఒక వరస ఉంటుంది. ముందు వయసు, తర్వాత ఎత్తు, తర్వాత ఛాయ, ఆ తర్వాత బట్టలు, చివర మతిస్థిమితం ఉందో లేదో. ఇవేవీ లేకుండా ఎవడు వెతుకుతాడు? ఎవడు నమ్ముతాడు?"

మేనకోడలు కలం తీసి గబగబా రాసుకుంది. అత్త ఇంకా ఆగలేదు. "'విక్షకులు' అని రాశావు. 'వీ' దీర్ఘం. 'దారావాహిక'కి వొత్తు మింగేశావు. ఈ 'నిపుణడు' ఎవడు? ఇంత చదువు చదివి ఏం లాభం? ఇది నేను నోటితో పలకను గాక పలకను."

"అయితే దిద్ది పెట్టత్తా."

ఆ మాటే కొంప ముంచింది. నటించనని భీష్మించుకున్న మనిషి, దిద్దడానికి మాత్రం ఎర్ర పెన్సిలు అందుకుంది. మధ్యాహ్నానికి పద్దెనిమిది కాగితాలూ పొంగు పోసినట్టయ్యాయి. సాయంత్రానికి, తను దిద్దిన దాన్ని ఇంకెవరో వచ్చి తప్పుగా చదువుతారన్న ఊహ ఆమెకు భరించరానిదైంది. "మూడు రోజులే. నాలుగో రోజు అడిగితే కాళ్ళిరగ్గొడతాను" అంది.

షూటింగు మూతపడిన ఫర్నిచరు దుకాణం పైగదిలో పెట్టారు. అట్టలతో గోడలు నిలబెట్టి, దుకాణంలో మిగిలిపోయిన ఒక చెక్క బీరువానూ రెండు కుర్చీలనూ సర్ది, పాతకాలం స్టూడియో అనిపించారు. కెమెరామన్ పొడుగాటి మనిషి, కళ్ళెప్పుడూ సగం మూసుకునే ఉంటాయి. అందరూ అతన్ని కునుకు అని పిలుస్తారు. బీరువాలో నిపుణుడి వేషానికి మేనకోడలు తన పళ్ళ డాక్టరును ఒప్పించింది. ఆయన ఆదివారం క్లినిక్ మూసేసి, తెల్లకోటు మీదే వచ్చాడు.

గుమ్మంలో అడుగుపెట్టిన క్షణం నుంచే అత్తకు ఒళ్ళు మండసాగింది.

"గోడ గడియారం కెమెరాకి కనిపించకూడదు, నాకు కనిపించాలి. అటు తిప్పండి. ఆ మైకేంటి, నా మెడకు గంట కట్టినట్టు? పూలకుండీ ఎందుకు? ఆ రోజుల్లో పూలకుండీకి మూడు సంతకాలు కావాలి, ఎవడూ పెట్టేవాడు కాదు." ఇలా ఒక్కొక్కటీ చక్కబెట్టేసరికి పదకొండైంది.

కెమెరా ముందు కూర్చున్నాక మాత్రం ఆమె వేరే మనిషైపోయింది. ముఖం చెరువులో నీళ్ళలా నిలిచిపోయింది. "తప్పిపోయింది. పేరు మంగళవారం. వయసు ఇరవై నాలుగు గంటలు. ఎత్తు సామాన్యం. చామనఛాయ. చివరిసారి కనిపించినప్పుడు లేత నీలం ఆకాశం వేసుకుని ఉంది. మతిస్థిమితం లేదు." ఒక్క తడబాటు లేదు. ఆకాశం ముక్క ఆమె సొంతంగా దిద్ది పెట్టిందే. కునుకు మొదటిసారి రెండు కళ్ళూ పూర్తిగా తెరిచాడు. మేనకోడలు నోరు నొక్కుకుని నవ్వింది.

"కట్" అనగానే అత్త విరుచుకుపడింది. "నేను చదువుతుంటే ఎవరే ఆ నవ్వేది? స్టూడియోలో దగ్గితే జీతం కోసేవాళ్ళు తెలుసా? నువ్వు, ఆ వెనకాల బిస్కెట్ ప్యాకెట్టు చప్పుడు చేసేవాళ్ళెవరో, బయటికెళ్ళి తిని రండి!"

ఆమెకు తెలియనిదేమిటంటే, కునుకు "కట్" అన్న మాటను ఎప్పుడూ పట్టించుకోడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

రెండో రోజు బీరువా సన్నివేశం. పళ్ళ డాక్టరు లోపల కూర్చున్నాడు, తలుపు మూశారు. అత్త బయట నిలబడి ఒక రైతు ఉత్తరం చదివి వినిపించింది. "మా పొలంలో కుర్చీలు వేశాం, ఒక్కటీ మొలవలేదు, ఏం చేయమంటారు" అన్నది ప్రశ్న. "కుర్చీలు నాలుగు కాళ్ళూ పైకి పెట్టి నాటాలి" అని లోపల్నుంచి జవాబు వచ్చింది. బాగానే జరిగింది. ఇక బయటికి రమ్మంటే బీరువా తలుపు రాలేదు. పిడి లాగితే పిడే ఊడి మేనకోడలి చేతిలోకి వచ్చింది.

"డాక్టరుగారూ, గాలాడుతోందా?" అని మేనకోడలు గాబరాగా అరిచింది.

"ఆడుతోందమ్మా. చిల్లులున్నాయి. కానీ మోకాలు పట్టేసింది."

ఇంతలో లోపల ఫోను మోగింది. డాక్టరు మాట్లాడుతుంటే బయట అందరికీ వినిపిస్తోంది. "ఆఁ, చెప్పండి. ఉప్పునీళ్ళతో పుక్కిలించండి. లేదండీ, ఇప్పుడు రాలేను. బీరువాలో ఉన్నాను. కాదండీ, అది ఊరి పేరు కాదు. బీరువా. చెక్క బీరువా."

దుకాణం కాపలాదారు తాళాల గుత్తి తెచ్చి ఒక్కో తాళంచెవీ ప్రయత్నించాడు. ఆ బీరువాకు అసలు తాళమే లేదని పావుగంట తర్వాత తేలింది. మేనకోడలు, "అత్తా, కాస్త ఆయనతో మాట్లాడుతూ ఉండు, కంగారుపడకుండా. ఇబ్బందికి సారీ అని చెప్పు" అంది.

అక్కడ తెగింది అత్త సహనం.

"సారీ నేను చెప్పాలా? ఎందుకు చెప్పాలే? బీరువా నేను చేశానా? ఆయన్ని నేను తోశానా? ఇరవయ్యారేళ్ళు! ఇరవయ్యారేళ్ళు చింతించాను నేను! టేపు తెంపింది టేపుల గదిలో మనిషి. ఆయన హాయిగా టీ తాగేవాడు, చింత నాకు! కరెంటు పోయేది, చింత నాకు! వార్తలు చదివే పెద్దమనిషి బండి దారిలో ఆగిపోయింది. ఎవరు చింతించారు? ఆయనా? బండా? నేను! పెళ్ళిరోజున కూడా మూడుసార్లు చింతించి ఇంటికెళ్ళాను. ఒక్కడంటే ఒక్కడు తన తప్పుకి తను చింతించిన పాపాన పోలేదు! ఇప్పుడు నా ఇంట్లో నేను కూర్చుని ఉంటే, పళ్ళు పీకే మనిషి బీరువాలో ఇరుక్కుంటే దానికి కూడా నేనే రావాలా?"

బీరువా కాస్త కదిలింది. లోపల్నుంచి సన్నగా వినిపించింది.

"అమ్మా, మధ్యమధ్యలో పళ్ళు నూరుతున్నారు. వద్దండి. వెనక దంతాలు అరిగిపోతాయి."

"నోర్మూసుకుని కూర్చోండి!"

"సరేనమ్మా."

సరిగ్గా అప్పుడే భర్త మెట్లెక్కి వచ్చాడు. పొద్దున్న ఇంట్లో మరిచిపోయిన అన్నం డబ్బా ఆమెకు ఇచ్చిపోదామని వచ్చాడాయన. భార్య ముఖం చూశాడు, బీరువా చూశాడు, జేబులోని స్క్రూడ్రైవరు తీసి బందుల దగ్గర కూర్చున్నాడు. ఏడు నిమిషాల్లో తలుపు ఊడివచ్చింది. డాక్టరు కుంటుకుంటూ బయటికి వచ్చి, ముందుగా అత్త దగ్గరికి వెళ్ళి, "ఒకసారి క్లినిక్‌కి రండమ్మా, చూస్తాను" అన్నాడు.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడమీది హాలులో సినిమా వేశారు. అరవై కుర్చీలు నిండిపోయాయి. అత్త జుట్టు చక్కగా దువ్వుకుని, భర్తకు ఇస్త్రీ చొక్కా వేయించి, రెండో వరుసలో కూర్చుంది. మనసులో కాస్త గర్వంగానే ఉంది. మూడు రోజుల్లో ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తెర మీద మంగళవారం ప్రకటన వచ్చింది. ఆమె చదివిన పద్ధతి చూసుకుని తృప్తిగా తల ఊపింది. ఆకాశం దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు. అంతలో తెర మీది అత్త ఒక్కసారిగా పక్కకు తిరిగి, "ఎవరే ఆ నవ్వేది?" అంది. హాలు గొల్లుమంది.

ఆమె ఉలిక్కిపడింది. అది సినిమాలో ఎలా వచ్చింది? ఆ తర్వాత అన్నీ అవే. పూలకుండీ తిట్లు, బిస్కెట్ ప్యాకెట్ తిట్లు, గడియారం మీద విసుగు. ఆమె శ్రద్ధగా చదివినవన్నీ తలా ఒక ముక్క మిగిలాయి. ఆమె చిరాకంతా మాత్రం నిలువునా తెర మీద ఉంది. బీరువా ముందు తిట్టిన తిట్లు ఒక్క కత్తిరింపు లేకుండా నాలుగు నిమిషాలు. చివర్లో బీరువా, "వెనక దంతాలు అరిగిపోతాయి" అంటోంది. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "నిజమే తల్లీ, నిజమే" అంటోంది.

అత్త చెవులు వేడెక్కాయి. లేచి నిలబడి, "ఇదేం బుద్ధే నీకు!" అని చీకట్లోకి అరిచింది. జనం అది కూడా సినిమాలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆమె విసవిసా బయటికి నడిచింది. భర్త రెండు కుర్చీల మధ్య ఇరుక్కుని, అందరికీ దండాలు పెట్టుకుంటూ వెనకాలే వెళ్ళాడు.

బస్సులో ఆమె టికెట్టును మడిచి మడిచి గోరంత చేసింది.

"మీరూ నవ్వారు. నేను చూశాను" అంది చివరికి.

"నాకేం కొత్త? ముప్ఫై నాలుగేళ్ళుగా చూస్తున్నదేగా" అన్నాడాయన. ఆ వెంటనే కిటికీ బయట ఏదో చాలా ఆసక్తిగా ఉన్నట్టు అటు తిరిగిపోయాడు.

ఆ రోజు నుంచి మేనకోడలు ఫోను చేస్తే ఆమె ఎత్తలేదు. సినిమా మాత్రం ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి పాకిపోయింది. కూరగాయల దుకాణం దగ్గర ఒకావిడ, "అత్తా, ఒక్కసారి తిట్టవా" అని బతిమాలింది. "అడిగితే వస్తుందా తిట్టు? ముందు ఆ వంకాయలు వేలితో నొక్కడం మాను!" అంది అత్త. చుట్టూ ఉన్నవాళ్ళు ఆనందంగా నవ్వారు. ఆమెకు ఇంకా మండింది.

ఆరో రోజు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మేనకోడలి ఎత్తేమోనని అనుమానిస్తూనే ఎత్తింది.

"అమ్మా, నేను. టేపుల గది." గొంతు బాగా ముసలిదైపోయింది గానీ ఆయనే. "మా అమ్మాయి చూపించింది. మీకు నా మీద అంత కోపముందని నాకు తెలీదమ్మా. మీ ముఖం చూస్తే ఏమీ తెలిసేది కాదు. మీకు ఇబ్బంది లేదనుకున్నాను."

అత్త ఫోనును రెండో చెవికి మార్చుకుంది.

"ఇప్పుడా చెప్పేది?" అంది.

"ఇప్పుడేగా తెలిసింది. తప్పయిపోయింది. అయినా అన్నీ నేను తెంపినవి కావమ్మా. ఆ మిషను పాతది. నాటకం పోటీల రోజున తెగింది మిషను తప్పు."

"ఏం కాదు! ఆ రోజు మీరు టేపు తడిచేత్తో పట్టుకున్నారు. నేను అద్దంలోంచి చూశాను."

"తడిచెయ్యా? అమ్మా, నేను ఏనాడూ..."

ఆ సంభాషణ నలభై నిమిషాలు నడిచింది. ఫోను పెట్టేశాక ఆమె వంటింట్లోకి వెళ్ళి, గిన్నె మీద వంకరగా ఉన్న మూతను చూసి, దాన్ని అలాగే వదిలేసి వచ్చింది. భర్త ఆ మూత వైపూ ఆమె వైపూ మార్చిమార్చి చూశాడు.

తొమ్మిదో రోజు మేనకోడలు తనే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "తీసేయమంటే తీసేస్తానత్తా. ఇంకెక్కడా వేయను" అంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఊరంతా చూశాక తీసేసి ఏం లాభం? నా మంచి టేకులన్నీ ఏం చేశావు, అది చెప్పు."

"ఉన్నాయి. అన్నీ దాచాను. చాలా బాగా చదివావత్తా." కాస్త ఆగింది. "చిన్నప్పుడు టీవీలో నువ్వొచ్చినప్పుడల్లా నేను చెయ్యి ఊపేదాన్ని. నువ్వు నా వైపు చూసేదానివి కాదు. ఆ టేకుల్లో కూడా చూడట్లేదు. తిట్టేటప్పుడు మాత్రం నా వైపే చూస్తున్నావు. కత్తిరించడానికి చేతులు రాలేదు."

అత్త కనుబొమలు రెండూ పైకి లేచాయి.

"అక్కడ నువ్వు చెయ్యి ఊపితే ఇక్కడ నాకెలా కనిపిస్తుందే? అది టీవీ, కిటికీ కాదు. ఇరవయ్యారేళ్ళు నా ముందున్నది ఒక గాజుబిళ్ళ, దాని వెనక ఆవలించే మనిషి. నీకు బుద్ధి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒక్కమాట అడిగి పెట్టుకోవచ్చు కదా, అత్తా, ఇవి వాడుకోనా అని?"

"అడిగితే వద్దంటావుగా."

"అంటాను! అయినా అడగాలి!" అరిచిన అరుపుకి మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. "ముందు లోపలికి రా. గుమ్మంలో నిలబడి నా పరువు తీయకు."

మేనకోడలు లోపలికి వచ్చి, చెప్పులు ఒక్కో మూల ఒక్కోటి వదిలింది. వాటికి కూడా తిట్లు పడ్డాయి. కాఫీ మాత్రం అత్తే కలిపింది. తాగుతుండగా ఫోను మోగింది. అత్త నంబరు చూసి, "ఇదిగో, మొదలెట్టాడు" అంటూ నిట్టూర్చి, కుర్చీ కిటికీ పక్కకు లాక్కుని కూర్చుంది.

అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. టేపుల గది ఆయన ప్రతి గురువారం నాలుగింటికి ఫోను చేస్తాడు. తెగిన ప్రతి టేపూ ఎవరి తప్పో ఇద్దరూ వరసగా తేల్చుకుంటున్నారు. ఆయన సులభంగా ఒప్పుకోడు, ఆమె వదలదు. మధ్యలో భర్త, "కాస్త మెల్లగా" అంటే ఇద్దరూ కలిసి ఆయన్ని కసురుతారు. మొన్నటికి పదకొండో టేపు దగ్గర ఉన్నారు.